కూచిపూడి ప్రదర్శన, నాలుగు కెమెరాలు, విడి ఆడియో: మల్టీక్యామ్ ఎడిటింగ్ పని డైరీ

విజయవాడలో ఒక ఆడిటోరియంలో జరిగిన కూచిపూడి ప్రదర్శనకు చేసిన ఎడిటింగ్ లెక్క ఇది. నిడివి 1 గంట 42 నిమిషాలు, మధ్యలో విరామం లేదు. పాట, నట్టువాంగం (తాళాలు కొడుతూ జతులు, అంటే లయ పలుకులు, చెప్పడం), మృదంగం, వయొలిన్, వేణువు అన్నీ లైవ్. సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ స్టూడియో. ప్రీమియర్‌లో, ఫైనల్ కట్‌లో మెనూల పేర్లు మారతాయి గానీ ఇక్కడ చెప్పిన కొలతలు, లెక్కలు మారవు.

పెళ్ళి వీడియోలో పెదవికీ మాటకూ రెండు ఫ్రేములు తేడా వచ్చినా ఎవరూ పట్టించుకోరు. నాట్యంలో అలా కుదరదు. తాళం పడ్డ క్షణానే పాదం పడాలి. అందుకే ఈ డైరీలో ఎక్కువ భాగం సింక్ (బొమ్మనూ శబ్దాన్నీ ఒకే క్షణానికి కలపడం) గొడవే ఉంటుంది.

దశ 0: చేతికొచ్చిన సరుకు

- వెనక కెమెరా: హాలు చివర, సౌండ్ మిక్సర్ పక్కన. స్టేజీ స్పీకర్లకు 24 మీటర్లు. 4కె, సెకనుకు 25 ఫ్రేములు, 100 మెగాబిట్లు. ట్రైపాడ్ మీద మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా తీసింది. ఫైళ్ళు 18 ముక్కలుగా వచ్చాయి.
- నడిమి కెమెరా: స్పీకర్లకు 11 మీటర్లు. మిర్రర్‌లెస్, 4కె, 10 బిట్ 4:2:2 హెచ్.265 (రంగు వివరం ఎక్కువ ఉంచి, ఫైలును గట్టిగా కుదించే ఫార్మాట్). ఆపుతూ తీస్తూ 11 క్లిప్పులు.
- పాదాల కెమెరా: స్టేజీ మూలన, అడుగు ఎత్తులో. 1080, 50 మెగాబిట్లు.
- ఫోను: సైడ్ వింగ్‌లో, నట్టువాంగం చేస్తున్న గురువుగారి వైపు.
- రికార్డర్: 24 బిట్, 48 కిలోహెర్ట్జ్, నాలుగు ట్రాకులు. 1, 2 మిక్సర్ నుంచి వచ్చిన స్టీరియో. 3 గజ్జెల కోసం స్టేజీ అంచున పెట్టిన నేల మైకు. 4 మిక్సర్ దగ్గరే స్టాండు మీద ఉన్న హాలు మైకు.

పాదాల కెమెరా పాతది. 29 నిమిషాల 59 సెకన్లు కాగానే తనంతట తానే ఆగిపోతుంది. అరగంట దాటి రికార్డు చేసే వాటిని యూరప్‌లో వీడియో కెమెరాలుగా లెక్కగట్టి ఎక్కువ సుంకం వేసేవారు. దాన్ని తప్పించుకోవడానికి కంపెనీలు పెట్టిన హద్దు అది. ఎక్కడో యూరప్ సుంకం, ఇక్కడ మన తరంగం (ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి చేసే ఐటమ్) మొదట్లో పాదాలు లేకుండా పోయాయి. ఫోను 1 గంట 10 నిమిషాల దగ్గర స్టోరేజీ నిండి ఆగింది.

డిస్కు లెక్క: వెనక 76, నడిమి 67, పాదాలు 36, ఫోను 9, ఆడియో 3.5 జీబీ. మొత్తం సుమారు 192. రెండో డిస్కులో బ్యాకప్‌తో కలిపి 384.

దశ 1: కాపీ, ప్రాక్సీలు, ఫోను ఫైలు

1. కార్డులోని ఫోల్డర్లన్నీ ఉన్నవి ఉన్నట్టు కాపీ చేయండి. వీడియో ఫైళ్ళు మాత్రమే ఏరుకుంటే, ముక్కల వరస చెప్పే చిన్న ఫైళ్ళు కార్డులోనే ఉండిపోతాయి.
2. రిజాల్వ్ తెరిచి, ఒక్క క్లిప్పు కూడా లోపలికి తేకముందే ప్రాజెక్టు సెట్టింగుల్లో టైమ్‌లైన్ ఫ్రేమ్‌రేటు 25 పెట్టండి. క్లిప్పులు వచ్చాక ఆ సెట్టింగు మారదు.
3. తర్వాతే ఇంపోర్ట్.

ప్రాక్సీలు (ఎడిటింగ్‌కు మాత్రమే వాడే తేలికపాటి నకళ్ళు) లేకుండా నాలుగు కెమెరాలు ఒకేసారి ఆడించి చూశాను. మల్టీక్యామ్ వ్యూయర్‌లో బొమ్మలు తడబడుతూ, ఆగుతూ వచ్చాయి. డిస్కు చాలడం లేదేమో అనిపిస్తుంది, కానీ లెక్క వేస్తే అది కాదు. అన్నీ కలిపినా సెకనుకు 40, 50 మెగాబైట్లు మించవు. మామూలు ఎస్‌ఎస్‌డీకి అదొక లెక్క కాదు. అసలు భారం 4:2:2 హెచ్.265ను విప్పడంలో ఉంది. ఎన్‌విడియా 50 సిరీస్‌కు ముందు కార్డులు దాన్ని హార్డ్‌వేర్‌లో విప్పలేవు. ఇంటెల్ క్విక్ సింక్ 11వ తరం నుంచి విప్పగలదు. నా మెషీన్‌లో ఈ రెండూ లేవు, పని మొత్తం ప్రాసెసర్ మీద పడింది. కొత్త డిస్కు కొనాలనుకునేవాళ్ళు ముందు టాస్క్ మేనేజర్ తెరిచి ప్రాసెసర్ గ్రాఫ్ చూసుకోండి, డబ్బు మిగులుతుంది.

వెనక, నడిమి కెమెరాలకు 1080 సైజులో డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఎల్‌బీ (విప్పడానికి తేలికైన ఎడిటింగ్ ఫార్మాట్) ప్రాక్సీలు చేశాను. గంటకు సుమారు 17 జీబీ అయింది. పాదాల కెమెరాది 8 బిట్ హెచ్.264 కనుక ప్రాక్సీ అక్కర్లేదు.

ఫోను సంగతి వేరు. ఫోన్లు వెలుతురును బట్టి ఫ్రేమ్‌రేటును పెంచుకుంటూ తగ్గించుకుంటూ పోతాయి. 30 అని చెప్పిన ఫైలు ఒకచోట 29, ఒకచోట 30 అంటుంది. అలాంటి ఫైలును నేరుగా టైమ్‌లైన్‌లో పెడితే మొదట్లో సింక్ కుదిరినట్టే ఉండి పోను పోను తప్పుతుంది. ఫైళ్ళ ఫార్మాట్ మార్చే షటర్ ఎన్‌కోడర్‌లో స్థిరమైన 25కు మార్చి, డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ చేసి వాడాను. సెకనుకు ఐదు ఫ్రేములు పోతాయి కనుక తాళాల చేతులు కాస్త గెంతినట్టు కనిపిస్తాయి. ఆప్టికల్ ఫ్లో (మధ్య ఫ్రేములను ఊహించి తయారుచేసే పద్ధతి) పెట్టి చూస్తే తాళం అంచులు పాకం సాగినట్టు సాగాయి. అది తీసేసి, ఫోను షాటును ఎక్కడా మూడు నాలుగు సెకన్లు మించి వాడకూడదని పెట్టుకున్నాను.

డిస్కు లెక్క: 384కు ప్రాక్సీలు, ఫోను కొత్త ఫైలు కలిపి 75. ఇప్పుడు 459.

దశ 2: సాఫ్ట్‌వేర్ చేసిన సింక్

క్లిప్పులన్నీ ఎంచుకుని, మల్టీక్యామ్ క్లిప్ తయారుచేసే ఆప్షన్‌లో యాంగిల్ సింక్ దగ్గర ‘సౌండ్’ పెట్టాను. పని అయిపోయిందని చెప్పింది. తెరిచి చూస్తే నడిమి కెమెరా క్లిప్పులు 11లో 3 తప్పు చోట కూర్చున్నాయి. అందులో రెండు సరిగ్గా ఒక ఆవర్తనం (తాళం ఒక చుట్టు) పక్కకు జరిగి ఉన్నాయి.

కారణం అర్థమయ్యేదే. వేవ్‌ఫార్మ్ సింక్ అంటే రెండు శబ్దాల ఆకారాలు ఎక్కడ బాగా కలుస్తాయో వెతకడం. జతులు ఒకే నడకలో తిరిగి తిరిగి వస్తాయి. చిన్న క్లిప్పులో వరసగా నాలుగు ఆవర్తనాలు ఒకేలా ఉంటే, మూడోదానికీ నాలుగోదానికీ తేడా దానికి తెలియదు. మాటలున్న చోట ఈ ఇబ్బంది రాదు, ఎవరూ ఒకే వాక్యాన్ని అదే ఊపులో నాలుగుసార్లు చెప్పరు కదా.

మిగతావి సరిగానే కూర్చున్నట్టు అనిపించాయి. మొదటి రఫ్ కట్ నట్టువాంగం చేసిన గురువుగారికి చూపిస్తే ఆమె మొదట్లో, చివర్లో కాసేపు చూసి, “పాదాలు చూపించినప్పుడు బాగానే ఉంది నాన్నా, దూరం నుంచి చూపించినప్పుడు అడుగు ముందు పడి తాళం వెనక పడుతోంది. చివరికి వచ్చేసరికి మరీ ఎక్కువైంది” అన్నారు. ఒక్క మాటలో రెండు జబ్బులు పట్టుకున్నారు. ఒకటి కెమెరా మారితే మారేది, రెండోది టైం గడిచేకొద్దీ పెరిగేది.

దశ 3: రెండు తప్పులను విడదీయడం

కొలవడానికి నట్టువాంగం తాళాలంత మంచి సాధనం లేదు. సినిమా వాళ్ళ క్లాప్‌బోర్డు షాటుకోసారి పడితే, ఇక్కడ ప్రతి అక్షరానికీ ఒక క్లాప్. ఇత్తడి తాళం దెబ్బకు వేవ్‌ఫార్మ్‌లో నిట్టనిలువు గీత లేస్తుంది. 25 ఫ్రేముల్లో ఒక్కో ఫ్రేమూ 40 మిల్లీసెకన్లు.

నాలుగు చోట్ల రెండేసి కొలతలు తీసుకున్నాను. మొదటి కొలత: వెనక కెమెరా సొంత ఆడియోలో తాళం దెబ్బకూ, రికార్డర్ ట్రాకు 1లో అదే దెబ్బకూ తేడా. ఇది శబ్దానికీ శబ్దానికీ మధ్య. రెండో కొలత: బొమ్మలో తాళాలు తాకిన ఫ్రేముకూ, ట్రాకు 1లో దెబ్బకూ తేడా. ఇది కంటికీ చెవికీ మధ్య.

- మొదట్లో: శబ్దం–శబ్దం 0, బొమ్మ–శబ్దం 2 ఫ్రేములు
- 34వ నిమిషం: 2, 4
- 68వ నిమిషం: 4, 6
- 102వ నిమిషం: 6, 8

ఈ నాలుగు వరసలు రాసుకున్నాక చిక్కు విడిపోయింది. రెండు కొలతల మధ్య ఎప్పుడూ 2 ఫ్రేముల తేడా ఉంది. అది టైంతో మారడం లేదు కాబట్టి దూరం వల్ల వచ్చింది. 0 నుంచి 6 దాకా పెరిగింది గడియారాల తేడా.

ముందు దూరం సంగతి. ఏసీ హాల్లో 25 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు సుమారు 346 మీటర్లు పోతుంది. 24 మీటర్లకు 69 మిల్లీసెకన్లు. వెనక కెమెరా మైకు ప్రతి దెబ్బనూ అంత ఆలస్యంగా వింటుంది. సాఫ్ట్‌వేర్ ఆ ఆలస్యపు శబ్దాన్ని మిక్సర్ శబ్దం మీదికి లాగింది, దానితోపాటు బొమ్మ కూడా 69 మిల్లీసెకన్లు ముందుకు వచ్చేసింది. శబ్దాలు రెండూ అతికినట్టు కలుస్తాయి, బొమ్మ మాత్రం తప్పుతుంది. సాఫ్ట్‌వేర్ దృష్టిలో తప్పేమీ లేదు. యూరప్ ప్రసార సంస్థల సమాఖ్య ఈబీయూ ఆర్37 సిఫారసు ప్రకారం శబ్దం బొమ్మకన్నా 40 మిల్లీసెకన్లు ముందు, 60 మిల్లీసెకన్లు వెనక ఉండొచ్చు. మనది 69. అదీ పక్కనే పాదాల కెమెరా తేడా లేకుండా ఉన్నప్పుడు, కట్ పడ్డ ప్రతిసారీ కంటికి తగులుతుంది.

దూరం కొలిచేటప్పుడు స్టేజీ మీద కళాకారుల దగ్గర నుంచి కాదు, కెమెరాకు దగ్గరి స్పీకరు నుంచి కొలవండి. మైకు శబ్దం వైరులో స్పీకరు దాకా క్షణంలో వస్తుంది, ఆలస్యం అక్కడి నుంచి మొదలవుతుంది.

రెండోది డ్రిఫ్ట్, అదే గడియారాల తేడా. రికార్డర్‌లో ఒక క్వార్ట్జ్ గడియారం, కెమెరాలో ఒకటి. రెండూ 48,000 అనే చెబుతాయి, రెండూ కొంచెం అబద్ధమే. 6120 సెకన్లలో 240 మిల్లీసెకన్లు అంటే పది లక్షలకు 39 వంతులు. వీటిని కలిపి నడిపించే ఏర్పాటు లేనప్పుడు ఇది మామూలే.

ఇక్కడ ఇంకొకటి చూసుకోవాలి. వెనక కెమెరా ఫైళ్ళు 18 ముక్కలు. అతుకుల దగ్గర ఫ్రేములు పోయి ఉంటే తేడా మెట్లు మెట్లుగా పెరిగేది. ఇక్కడ సమానంగా పెరిగింది కాబట్టి ముక్కల్లో ఏదీ పోలేదు. మీ లెక్కలో ఒక్కసారిగా గెంతు కనిపిస్తే డ్రిఫ్ట్ వైద్యం చేయకండి, అతుకు దగ్గర చూడండి.

సింక్ తప్పు ఇప్పటికి: ఎక్కువలో ఎక్కువ 8 ఫ్రేములు, 320 మిల్లీసెకన్లు.

దశ 4: సర్దడం

డ్రిఫ్ట్‌కు సులువుగా తోచేది ఐటమ్ ఐటమ్‌కూ ఆడియోను కోసి మళ్ళీ కలపడం. చప్పట్ల దగ్గర కోత వినిపించదు. చిన్న ఐటమ్‌లకు సరిపోయింది. తరంగం 24 నిమిషాలు. మొదట్లో కుదిర్చినా చివరికి 56 మిల్లీసెకన్లు, ఫ్రేమున్నర తప్పుతోంది. ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి లయ వేసే చోటే ఇలా అయితే పని చేసి లాభం లేదు. ఆ దారి వదిలేశాను.

ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో రేటు మార్చే పద్ధతి పనికొచ్చింది. రికార్డర్ ఫైలు 240 మిల్లీసెకన్లు పొడవుగా ఉంది, కొంచెం త్వరగా ఆడాలి. 48,000ను పది లక్షలకు 39 వంతులు పెంచితే 48,001.88. దగ్గరి పూర్ణసంఖ్య 48,002.

1. నాలుగు ట్రాకులనూ ఒకే ప్రాజెక్టులో తెరవండి.
2. ప్రతి ట్రాకు మెనూలో రేటు దగ్గర ‘అదర్’ ఎంచుకుని 48002 కొట్టండి. ఒక్క ట్రాకు మరిచినా గజ్జెలు ఒకదారి, పాట ఒకదారి.
3. ప్రాజెక్టు రేటు 48000గానే ఉంచండి.
4. ఒక్కో ట్రాకునూ విడి వేవ్ ఫైలుగా, 24 బిట్‌లో ఎగుమతి చేయండి.

‘ఛేంజ్ టెంపో’ ఎఫెక్టు వాడొద్దు. అది శ్రుతి మారకుండా శబ్దాన్ని ముక్కలు చేసి అతుకుతుంది, తాళం దెబ్బ మొన పోయి మొద్దుబారుతుంది. రేటు మారిస్తే శ్రుతి కూడా మారుతుంది నిజమే, కానీ పది లక్షలకు 42 వంతుల మార్పును ఏ విద్వాంసుడి చెవీ పట్టుకోలేదు.

48,002 వల్ల 255 మిల్లీసెకన్లు తగ్గుతుంది, కావలసింది 240. చివర్లో శబ్దం 15 మిల్లీసెకన్లు ముందు ఉంటుంది.

తర్వాత టైమ్‌లైన్. మల్టీక్యామ్ క్లిప్పును నేరుగా చేయకుండా, ముందు మామూలు టైమ్‌లైన్‌లో ఒక్కో కెమెరాకు ఒక్కో ట్రాకు ఇచ్చి అక్కడే సింక్ చేసుకున్నాను.

1. ట్రాకు 1లో వెనక కెమెరా 18 ముక్కలు, ఖాళీ లేకుండా.
2. కింద సరిచేసిన ఆడియో.
3. పొడుగు క్లిప్పులకు ‘ఆటో అలైన్ క్లిప్స్’, వేవ్‌ఫార్మ్ ఆధారంగా. నడిమి కెమెరా క్లిప్పులు 11నూ మాత్రం వేవ్‌ఫార్మ్ గీతలు కంటితో చూస్తూ, ఐటమ్ మొదటి తాళం దెబ్బ దగ్గర చేత్తో కలిపాను.
4. దూరానికి సర్దుబాటు: వెనక కెమెరా కుడికి 2 ఫ్రేములు. నడిమి కెమెరా 11 మీటర్లు, 32 మిల్లీసెకన్లు, కుడికి 1 ఫ్రేము. పాదాలు, ఫోను 0.
5. ప్రతి ఐటమ్‌లో ఒక తీర్మానం (జతిని ముగించే అడుగుల వరస) దగ్గర ఆపి చూడటం.
6. మీడియా పూల్‌లో టైమ్‌లైన్ మీద రైట్ క్లిక్ చేసి, మల్టీక్యామ్ క్లిప్పుగా మార్చడం.

నాలుగో మెట్టు సరైనదేనా అని ఇంకో దారిలో సరిచూసుకున్నాను. హాలు మైకు, వెనక కెమెరా పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే ఆలస్యంతో వింటాయి. కాబట్టి వెనక కెమెరాను మిక్సర్ ట్రాకుతో కాకుండా హాలు మైకు ట్రాకుతో అలైన్ చేస్తే దూరం లెక్క దానంతటదే కొట్టుకుపోతుంది. అలా చేసినా 2 ఫ్రేములే వచ్చింది. కెమెరా పక్కన ఒక మైకు వేసి అదే రికార్డర్‌లోకి ఇవ్వగలిగితే టేపు పట్టుకుని కొలవాల్సిన పనే లేదు.

సింక్ తప్పు ఇప్పటికి: 2 ఫ్రేములంటే 80, కావలసింది 69, అక్కడ 11. చివర్లో డ్రిఫ్ట్ మిగులు 15. రెండూ కలిసినా శబ్దం 26 మిల్లీసెకన్లు ముందు. ఒక ఫ్రేము లోపలే, ఈబీయూ 40 లోపలే.

దశ 5: ఆడియో మిక్స్

బొమ్మ కోయకముందే ఆడియో పూర్తి చేసి, ఒక్క స్టీరియో ఫైలు చేసి, టైమ్‌లైన్‌లో పెట్టి లాక్ వేయాలి. అందరూ ఆఖరున చేస్తారు. కానీ యాంగిల్ మారినప్పుడల్లా ఆడియో కూడా ఆ కెమెరాదే వస్తుంటే, ఏ కట్ లయలో పడిందో, ఏది పడలేదో చెవికి తెలియదు.

*మిక్సర్ ఫీడు.* స్టీరియో అన్నది పేరుకే, ఎడమ చానెల్ ఒక్కటే వచ్చింది. క్లిప్ యాట్రిబ్యూట్స్‌లో మోనో చేసుకున్నాను. అంతకన్నా పెద్ద బాధ, మొదటి నాలుగు నిమిషాల్లో నట్టువాంగం దెబ్బల తలలు చదునుగా తెగిపోయి ఉన్నాయి. రికార్డర్ మీటరు ఎక్కడా మైనస్ 10 డీబీ దాటలేదు. అంటే శబ్దం మిక్సర్‌లోనే పగిలి, పగిలినదే చిన్నగా మన దాకా వచ్చింది. ఎంత గట్టి శబ్దాన్నైనా పగలకుండా పట్టే 32 బిట్ ఫ్లోట్ రికార్డర్ ఉన్నా ఇది దక్కేది కాదు. మీటరు పచ్చగా ఉందని నిశ్చింతగా ఉండకండి, హెడ్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఆ భాగంలో ఫీడు బాగా తగ్గించి హాలు మైకు మీద నడిపించాను. గొంతు కాస్త దూరంగా వినిపిస్తుంది, పగలడం లేదు.

*హమ్.* ఫీడులో 50 హెర్ట్జ్ కరెంటు గుయ్యి ఉంది. మామూలుగా 50, 100, 150, 200 దగ్గర సన్నటి నాచ్‌లు (ఆ ఒక్క ఫ్రీక్వెన్సీనే తగ్గించే ఫిల్టర్లు) పెట్టి తీసేస్తారు. ఇక్కడ గాయని 5 శ్రుతిలో పాడారు, పాశ్చాత్య లెక్కలో జీ. ఆ షడ్జమం 196 హెర్ట్జ్, దాని కింది స్థాయి 98. అంటే హమ్ తాలూకు 100, 200 వచ్చి షడ్జమం పక్కనే కూర్చున్నాయి. 200 దగ్గర నాచ్ పెడితే తంబుర నీరసించింది. 50, 150 గట్టిగా, 100 చాలా సన్నగా, కొద్దిగా తగ్గించి, 200 జోలికి పోలేదు. చెవి పెట్టి వింటే తంబురలో సెకనుకు నాలుగు ఊపుల చిన్న అల ఉంది. అది 196, 200 కలిసి కొట్టుకునే బీటు. దాన్ని అలాగే వదిలేశాను.

*నాయిస్ రిడక్షన్.* నిశ్శబ్దంగా ఉన్నచోట నమూనా ఇస్తే దాన్ని మిగతా అంతటా తీసేసే పద్ధతి ఇది. కచేరీలో నిశ్శబ్దం ఎక్కడుంది? ఐటమ్‌ల మధ్య కూడా ఎలక్ట్రానిక్ తంబుర మోగుతూనే ఉంది. సాఫ్ట్‌వేర్ తంబురనే రొద అనుకుని నేర్చుకుంది. ఫలితంగా శ్రుతి మాయమైంది, పాట చివర్లు నీళ్ళలో మునిగినట్టు వచ్చాయి. వాయిస్ ఐసొలేషన్ ఇంకా ఘోరం, మృదంగం, వేణువు, గజ్జెలు అన్నిటినీ ఊడ్చేసింది. దాని తప్పు కాదు, మనిషి మాట తప్ప మిగతాదంతా తీసేయడమే దాని పని. ఐటమ్‌కు ముందు వ్యాఖ్యానం చెప్పే చోట మాత్రం 60 శాతం పెట్టి వాడుకున్నాను, అక్కడ బాగుంది.

*హాలు మైకు.* 69 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని అలాగే కలిపితే ప్రతి తాళం దెబ్బకూ వెనక ఇంకో దెబ్బ. పూర్తిగా లాగి కలిపితే గొంతు డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు తయారైంది. రెండు దాదాపు ఒకే శబ్దాలు చిన్న తేడాతో కలిస్తే కొన్ని ఫ్రీక్వెన్సీలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 50 మిల్లీసెకన్లు మాత్రం ముందుకు లాగి, 19 వదిలేసి, ఫీడు కన్నా 14 డీబీ కింద పెట్టాను. 100 హెర్ట్జ్ కింద కోస్తే ఏసీ గురగుర పోయింది. రిజాల్వ్‌లో ఆడియో పని కోసం ఉన్న ఫెయిర్‌లైట్ పేజీలో ఆడియోను ఫ్రేముకన్నా తక్కువలో జరపొచ్చు. 

*నేల మైకు.* గేట్ (చిన్న శబ్దాన్ని పూర్తిగా మూసేసేది) పెడితే గజ్జెల గలగల మధ్యలో తెగింది. దాని బదులు ఎక్స్‌పాండర్ (మూయకుండా తగ్గించేది), 2:1 నిష్పత్తిలో. నర్తకి స్టేజీ వెనక్కి వెళ్ళినప్పుడు వాల్యూమ్‌ను చేత్తో పెంచుకుంటూ పోవాలి. ఇదే టైం ఎక్కువ తిన్నది, కానీ దీనివల్లే వీడియోకు ప్రాణం వచ్చింది.

*లౌడ్‌నెస్.* మొదటి కొలత మైనస్ 23.8 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటున ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలమానం), ట్రూ పీక్ (అన్నిటికన్నా ఎత్తైన శిఖరం) మైనస్ 3.1. యూట్యూబ్ మైనస్ 14ను మించినదాన్ని తగ్గిస్తుంది, చిన్నగా ఉన్నదాన్ని పెంచదు. మైనస్ 14 దాకా తోస్తే లిమిటర్ (శిఖరాలను అదిమిపెట్టేది) కింద మృదంగం నలిగిపోయింది. మైనస్ 16 దగ్గర ఆపాను, ట్రూ పీక్ మైనస్ 1. అందులో కూడా సగం పెంపు లిమిటర్‌తో కాదు, ఐటమ్ ఐటమ్‌కూ విడిగా వాల్యూమ్ సర్దడంతో వచ్చింది.

డిస్కు లెక్క: కొత్త వేవ్ ఫైళ్ళు, మిక్స్ కలిపి 5. ఇప్పుడు 464.

దశ 6: కోత

1. మల్టీక్యామ్ క్లిప్పు ఆడియో మ్యూట్. కింద మిక్స్ ట్రాకు, లాక్.
2. మల్టీక్యామ్ వ్యూయర్ కింద ‘వీడియో ఓన్లీ’ బటన్. ఇది నొక్కకపోతే కట్ పడ్డ ప్రతిసారీ ఆడియో కూడా తెగుతుంది.
3. ప్లే చేస్తూ 1 నుంచి 4 నంబర్లతో లైవ్‌లో మార్చడం. ఇది చిత్తు ప్రతి.
4. తప్పు యాంగిల్ ఉన్నచోట ఆల్ట్ పట్టుకుని క్లిక్. కొత్త కట్ పడకుండా యాంగిల్ ఒక్కటే మారుతుంది.

లైవ్‌లో కొట్టిన కట్లు దాదాపు అన్నీ లేటు. మనం దెబ్బ విని వేలు కదుపుతాం కదా. రోల్ చేసి వెనక్కి జరపాల్సి వచ్చింది. సరిగ్గా సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) మీద కట్ పెడితే పాదం నేల తాకడం కొత్త షాటులో సగం కనిపిస్తుంది, దెబ్బ తేలిపోతుంది. రెండు మూడు ఫ్రేములు ముందు కోస్తే పాదం గాల్లో ఉండగా షాటు మారి, దెబ్బ కొత్త షాటులో నిండుగా పడుతుంది. తీర్మానం చివరి అడుగు మాత్రం వెనక కెమెరాలోనే, నిలువెత్తు మనిషి కనిపించాలి. అక్కడ పాదాల క్లోజప్ పెడితే ముక్తాయింపు తర్వాత నిలిచే భంగిమ పోతుంది.

భామాకలాపం ప్రవేశ దరువులో జడ వేసి తిరిగే చోట నడిమి కెమెరాను చాలాసేపు కదపలేదు. అభినయంలో కెమెరా మార్చాలని చేయి దురదపెడుతుంది, చూపు ఎటు తిరుగుతుందో చూస్తే ఆ దురద పోతుంది. తరంగం మొదట్లో పాదాల కెమెరా ఆగిపోయిన భాగానికి వెనక కెమెరా 4కె కాబట్టి 1080 టైమ్‌లైన్‌లో కాళ్ళ మీదికి క్రాప్ చేసుకున్నాను. పళ్ళెం అంచు స్పష్టంగానే ఉంది. 4కెలో తీసిన ఖర్చు అక్కడ గిట్టింది.

దశ 7: రంగు, ఎగుమతి

కోత ఖాయమయ్యాక మల్టీక్యామ్‌ను ఫ్లాటెన్ చేసి (ఎంచుకున్న యాంగిళ్ళను మామూలు క్లిప్పులుగా మార్చి), కెమెరాకో గ్రూపు పెట్టి, గ్రూపు మొత్తానికి ఒకే గ్రేడు (రంగు సర్దుబాటు). ఊదా ఎల్‌ఈడీ లైట్లలో ముఖం రంగు ఎంత తిప్పినా పూర్తిగా కుదరలేదు, ఒక హద్దు దగ్గర ఆపేశాను. ఫోనులో 50 హెర్ట్జ్ లైట్ల వల్ల సన్నటి చారలు పాకుతున్నాయి, షటర్ 1/50కు కట్టేసి ఉంటే వచ్చేవి కావు.

యూట్యూబ్‌కు 1080, 25 ఫ్రేములు, హెచ్.264, 20 మెగాబిట్లు: 15 జీబీ. దాచుకోవడానికి డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ హెచ్‌క్యూ మాస్టర్: 141 జీబీ. ఎగుమతి అయిన ఫైలును మళ్ళీ టైమ్‌లైన్‌లోకి తెచ్చి మొదట్లో, తరంగంలో, తిల్లానా చివర్లో తాళం దెబ్బ చూశాను. ఎక్కడా ఫ్రేము మించి తప్పలేదు.

డిస్కు లెక్క: 464కు 156 కలిపితే 620. ప్రాక్సీలు, ఫోను కొత్త ఫైలు తీసేస్తే 545. అవి కావాలంటే ఒరిజినల్స్ నుంచి మళ్ళీ చేసుకోవచ్చు.

వచ్చే రికార్డింగుకు మార్చేవి

1. వెనక, నడిమి కెమెరాలకూ రికార్డర్‌కూ టైమ్‌కోడ్ (అన్నిటిలో ఒకే టైం ముద్ర) ఇచ్చే పెట్టెలు. కెమెరాలో టైమ్‌కోడ్ సాకెట్ లేకపోతే ఆడియో చానెల్‌లోకి పంపి, రిజాల్వ్‌లో ‘అప్‌డేట్ టైమ్‌కోడ్ ఫ్రమ్ ఆడియో ట్రాక్’తో చదివించాలి. దీనితో దూరం లెక్క కూడా పోతుంది, ఎందుకంటే టైమ్‌కోడ్ గాల్లో రాదు. రికార్డర్ గడియారం డ్రిఫ్ట్ మాత్రం ఉంటుంది, దాన్ని కొలవాల్సిందే.
2. మిక్సర్ ఫీడు ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీదుగా. గుయ్యి అక్కడే ఆగుతుంది.
3. నట్టువాంగం మైకు గెయిన్‌ను రిహార్సల్లో కాదు, జతుల ఊపు మీద సరిచూడటం. రిహార్సల్లో ఎవరూ అంత గట్టిగా కొట్టరు.
4. పాదాల కెమెరాను ఐటమ్‌కూ ఐటమ్‌కూ మధ్య చప్పట్లలో ఆపి, మళ్ళీ మొదలుపెట్టడానికి ఒక మనిషి.
5. ఫోను బదులు 25 ఫ్రేములు తీయగల ఏదైనా పాత కెమెరా. అదీ దొరక్కపోతే ఫోనే, కానీ ఫ్రేమ్‌రేటునూ షటర్‌నూ కట్టేసే యాప్‌తో, ముందే ఖాళీ చేసిన స్టోరేజీతో.